లాల్ బాషా చేతి వణుకు

ప్రొద్దుటూరు లాల్ బాషాకు జీపు ముందుకు నడపడం ఎంత బాగా వచ్చో, వెనక్కి నడపడమూ అంత బాగా వచ్చు. ఫ్యాక్షన్ రోజుల్లో ముందుకు నడిపేవాడు వీధికొకడు దొరికేవాడు. వెనక్కి నడిపేవాడికే గిరాకీ. అందుకే జమ్మలమడుగు పెద్దాయన ఒకరు అతన్ని తన జీపుకు పెట్టుకున్నారు.

ఒకనాడు పులివెందుల దారిలో కల్వర్టు దగ్గర ఎదుటి పార్టీవాళ్లు ఎద్దులబండి అడ్డం పెట్టి, నాటుబాంబులతో కాచుకున్నారు. జీపు తిప్పడానికి చోటు లేదు. లాల్ బాషా వచ్చిన వేగంతోనే వెనక్కి పోయి, మలుపు దాటించి, పెద్దాయన్ని ప్రాణాలతో ఇంటి ముందు దించాడు. ముద్దనూరు దాకా వెనక్కే నడిపాడని జనం చెప్పుకున్నారు. అంత లేదు, కానీ కాదంటే వినేదెవరు?

పరామర్శకు వచ్చిన ఇంగ్లీషు లెక్చరర్ దాన్ని 'మెనూవర్' అంటారన్నాడు. బండినో సైన్యాన్నో ఇరుకులోంచి నేర్పుగా తిప్పడం ఒక వాడుక. ఎదుటివాడికి తెలియకుండా పావులు కదిపి పని జరిపించుకోవడం, ముఖ్యంగా రాజకీయాల్లో, ఇంకో వాడుక అని వివరించాడు. రెండోది పెద్దాయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అప్పటికే మూడు పార్టీలు మారారు. మొదటిది మాత్రం లాల్ బాషాకు తగిలించి, వచ్చినవాళ్లందరికీ "మా మెనూవర్ బాషా" అని చూపించసాగారు.

ఇంట్లో ఆ బిరుదు చెల్లలేదు.

"ఆ జీపన్నా వదులు, నన్నన్నా వదులు," అంది భార్య మైమూన్. "బాంబు పడితే ఆయప్పకు విగ్రహం పెడ్తారు. నీకేం పెడ్తారు?"

లాల్ బాషాకూ ప్రాణం తీపే. వెళ్లి అడిగాడు. పెద్దాయన నవ్వారు.

"నీ మాదిరి తిప్పేటోడు యాడ దొరుకుతాడప్పా? పానం ఉన్నంతకాలం నువ్వీడనే."

ఎవరి ప్రాణమో చెప్పలేదు.

చేతకానివాణ్ణి తప్ప పెద్దాయన ఎవరినీ వదలరని లాల్ బాషాకు అర్థమైంది. సరే, చేతకానివాడు కావాలి. మరునాడు గేటు స్తంభాన్ని గుద్దుదామని పోయాడు. చేతులు వాటంతటవే వెంట్రుకవాసిలో తప్పించాయి. కొన్నాళ్లు ఇదే అవస్థ. పని చెడగొట్టడానికి ఇంత కష్టపడాలని అతనికి తెలియదు. చివరికి చెయ్యి వణికించడం మొదలుపెట్టాడు. పెద్దాయన చూస్తుండగా గేరు దగ్గర తడబడి, కళ్లు మూసుకుని స్తంభాన్ని గుద్దాడు.

"ఏందప్పా, చెయ్యి వణుకుతాండాదే?"

"నరాల జబ్బంటన్నా. శానా దినాలైంది."

పెద్దాయన నిజంగానే బాధపడ్డారు. కొత్త బట్టలు పెట్టి పంపించారు. మైమూన్ ఆరోజు సేమియా పాయసం వండింది.

జీపు దువ్వూరు చెన్నకేశవకు దక్కింది. పెళ్లి కుదిరిన పిల్లవాడు, పెద్దాయన జీపని పొంగిపోయాడు. ముందుకు బాగా నడిపేవాడు. ఎదుటి పార్టీవాళ్లు మళ్లీ దారికాచిన రోజున, గాభరాలో వెనక్కి తీయబోయి కాల్వలోకి దింపాడు. పెద్దాయన చేలకడ్డంపడి పరుగెత్తి బతికారు. ఎన్నికల ముందు రాజీపడి, దారికాచినవాళ్ల పార్టీలోనే చేరారు. చెన్నకేశవ మాత్రం ఆరోజే, జీపులోనే ప్రాణం విడిచాడు.

లాల్ బాషాకు అన్నం సహించలేదు. ఉన్న మాట చెప్పేద్దామని దువ్వూరు పోయాడు. చెన్నకేశవ తల్లి పోలమ్మ గొర్రెపిల్లలకు ఆకు వేస్తున్నదల్లా లేచి మంచం వాల్చింది. అతను నోరు తెరిచేలోగా ఆమే అడిగింది.

"నీ చెయ్యి ఎట్లుంది నాయనా? బాగైందా? మావోడు నీ గురించి శానా బాధపడేటోడు."

"ఇంకా తగ్గలేదు పెద్దమ్మా," అన్నాడు లాల్ బాషా. ఆ మాటన్న తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

పోలమ్మ నీళ్లు తెచ్చింది. చెంబు అతని చేతికివ్వలేదు. తానే పట్టుకుని తాగించింది.