అంచు దాకా పోసిన మజ్జిగ

ఆదివారం మజ్జిగకి రమ్మన్న మనిషి శుక్రవారం పొద్దున్నే పోయారు. నేను బడికి బయల్దేరుతుంటే, ఆవిడని రోజూ తిప్పే ఆటో అబ్బాయి మా గుమ్మం ముందు ఆగాడు. ఎప్పుడూ హారన్ మోగించేవాడు, ఆ రోజు మోగించలేదు. "డాక్టరమ్మగారు లేరండి. కాఫీ ఇద్దామని పనమ్మాయి లేపితే లేవలేదంటండి" అన్నాడు. "ఆయ్" అన్నాను. ఇలాంటి కబురు వింటే ముందు ఏడుపు రావాలి కదా. నాకు భయం వేసింది. ఇప్పుడు మా ఆయన్ని ఎవరికి చూపించాలి అన్న భయం. అదేమిటో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

ఎక్కడో వైద్య కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరై, ముమ్మిడివరం అవతల మా ఊళ్ళో, మా వీధిలోనే ఇల్లు అద్దెకు తీసుకున్నారు ఆవిడ. పెద్దావిడ, విశ్రాంతి కోసం వచ్చి ఉంటారనుకున్నాం. వారం తిరక్కుండానే ఆటో మాట్లాడుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. తాగుడు మనిషి ఒంటిని ఏం చేస్తుంది, ఎప్పుడు చేస్తుంది అన్నది ఆవిడ పరిశోధన. రొయ్యల చెరువు గట్ల మీద, కొబ్బరి దింపు జరిగే తోటల్లో, పడవలు ఆగే చోట, ఎక్కడ నలుగురు మగవాళ్ళు కూర్చుంటే అక్కడ ఆవిడా ఒక ముక్కాలిపీట వేయించుకుని కూర్చునేవారు. ఆడమనిషికి అదేం పని అని మా అత్తగారు మొదట్లో మూతి తిప్పారు.

"తాగుతావా?" అని ఆవిడ ఎవర్నీ అడగలేదు. "బాబూ, ఆఖరిసారి ఎప్పుడు పుచ్చుకున్నారు?" అనేవారు, భోజనం గురించి అడిగినట్టు. ఆ మర్యాదకి ఎంతటి మొండివాడైనా మెత్తబడి, "ఆయ్, నిన్న రాత్రేనండి" అని చెప్పేసేవాడు. పెళ్ళాం కాళ్ళావేళ్ళా పడినా బయటపెట్టని నిజాన్ని ఆవిడకి మాత్రం నవ్వుతూ చెప్పేవారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

మీలో ఎవరైనా ఆవిడ ఇంటికి వెళ్ళి ఉంటే ఆ గాజు గ్లాసు గుర్తుండే ఉంటుంది. వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చేవారు, అంచు దాకా పోసి, ఇంకొక్క చుక్క పడితే ఒలికిపోయేలా. పళ్ళెంలో పెట్టి కాదు, నేరుగా చేతికే. "డాక్టరమ్మగారి మజ్జిగ సగం మనకి, సగం చొక్కాకి" అని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. అంత చదువుకున్నావిడకి గ్లాసు ఎంతవరకు నింపాలో తెలీదని మా అత్తగారు జాలిపడ్డారు కూడా. నేనూ చాన్నాళ్ళు అలాగే అనుకున్నాను. తర్వాత గమనించాను, మజ్జిగ ఇచ్చాక ఆవిడ మనిషి మొహం వంక చూసేవారు కాదు. చేతి వంక చూసేవారు. చెయ్యి ఎంత వణికింది, రెండో చెయ్యి సాయం వచ్చిందా, గ్లాసు నోటి దగ్గరికి వచ్చిందా, నోరే గ్లాసు దగ్గరికి వంగిందా, అన్నీ ఆ ఒక్క గ్లాసుతో తెలుసుకునేవారు.

ఇంత ఓపిక ఎక్కడిదండీ మీకు, అని ఒకసారి చనువు కొద్దీ అడిగాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చెప్పారు. "తాగి పోయినవాళ్ళ గురించి అందరూ చెప్తారమ్మా. మా అన్నయ్య మానేసి పోయేడు."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పుకొచ్చారు. ఏళ్ళ తరబడి తాగిన మనిషి, ఒక పండక్కి ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేశాడట. మూడో రోజుకి పిచ్చిచూపులు, ఆ పైన ఫిట్స్. ఇంట్లోవాళ్ళు దెయ్యం అనుకున్నారు. ఈవిడ అప్పటికి వైద్యం చదువుకుంటున్న పిల్ల. కబురంది వచ్చేసరికి అంతా అయిపోయింది. "మారుమనసు పొంది పోయేడని అందరూ మెచ్చుకున్నారమ్మా" అని ఈనెలన్నీ చేటలోంచి దులిపేశారు.

ఆవిడ వెతుకుతున్నది తాగేవాళ్ళని కాదు, మానేయబోయేవాళ్ళని అని అప్పుడు తెలిసింది. ఈస్టరు ముందు వచ్చే శ్రమ దినాల ఉపవాసాలకి మా ఇళ్ళల్లో మగవాళ్ళు ఒక్కసారిగా మందు మానేస్తారు. హిందువుల ఇళ్ళల్లో మాల వేసుకునేటప్పుడు అలాగే మానేస్తారు. ఇల్లంతా సంతోషపడే ఆ రోజుల్లోనే ఆవిడకి నిద్ర పట్టేది కాదు. "మానడం మంచిదే. ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానడమే ప్రమాదం. ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయి ఉంటుంది. హఠాత్తుగా లాగేస్తే తిరగబడుతుంది" అనేవారు. వింటూ తలూపాను. మా ఇంటి సంగతి అని అనుకోలేదు.

మా ఆయన ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు. గట్టు మీద చలికని మొదలుపెట్టారు. తర్వాత ఎండకీ అదే, వానకీ అదే అయింది. ఆ ఏడు శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నుదుటి మీద బూడిదతో చర్చి నుంచి వచ్చి, "ఇంక ముట్టనమ్మా" అని వాళ్ళమ్మ చేతిలో చెయ్యి వేశారు. మా అత్తగారు ఆనందం పట్టలేక ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ సంతోషం చెప్పుకుందామని సాయంత్రం డాక్టరమ్మగారింటికి వెళ్తే, ఆవిడ చేతిలో పని ఆపేశారు.

"ఎప్పుడు ఆపేడమ్మా?"

"పొద్దున్నేనండి."

"ఆసుపత్రిలో చూపించుకుని మానితే మంచిది. రేపు నేనొచ్చి చెప్తాను."

గురువారం వచ్చారు. "నాకేవైందండీ, మానేసేను కదండీ" అని మా ఆయన నవ్వుతూ పంపేశారు. నవ్వుతున్న పెదవి మీద చెమట ఉంది. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, నన్ను దగ్గరికి పిలిచి, "రేపు బడికి సెలవు పెట్టమ్మా. చేతులు చూస్తూ ఉండు. నేను ఇంట్లోనే ఉంటాను" అన్నారు. ఆవిడ గొంతులో భయం వినడం నాకు అదే మొదలు.

శుక్రవారం మధ్యాహ్నం ఉపవాస ప్రార్థనకి ఆడవాళ్ళు మా ఇంట్లో చేరారు. హాల్లో పాట మొదలైంది. లోపల గదిలో ఆయన మంచం మీద లేచి కూర్చుని దుప్పటి దులుపుతున్నారు. రొయ్యపిల్లలు పాకుతున్నాయట. కాసేపటికి కుడిచెయ్యి ముడిచారు, గాల్లోకి విసిరి తెరిచారు, మళ్ళీ ముడిచారు. ఏం చేస్తున్నారో ముందు తెలియలేదు. మేత చల్లుతున్నారు. మంచం చుట్టూ చెరువు ఉన్నట్టు, వరస తప్పకుండా చల్లుతున్నారు. "ఏవండీ" అని భుజం పట్టుకుంటే, నన్నెవరో కూలీ మనిషి అనుకుని, "ఆ మూల పడలేదు, చూడు" అన్నారు. మనిషి పోతారేమో అన్న భయం తర్వాత వచ్చింది. నన్ను గుర్తుపట్టని ఆ కళ్ళని చూసి ముందు భయపడ్డాను.

"ఉపవాసం విడగొట్టడానికి సైతాను వచ్చేడు. అందరూ చుట్టూ చేరండి, ప్రార్థన ఆపకండి" అంటున్నారు మా అత్తగారు. నేను చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాను.

డాక్టరమ్మగారు వచ్చి ఆ గదిని ఒక్కసారి చూశారు. సైతాను కాదని వాదించలేదు. దెయ్యాలేమిటని ఎవర్నీ కసురుకోలేదు. మా అత్తగారి చెయ్యి పట్టుకుని, "ప్రార్థన ఆపొద్దండి వదినగారూ. ఆటోలో కూర్చుని చేద్దురుగాని, రండి" అన్నారు. అమలాపురం దాకా అత్తగారు ప్రార్థన ఆపలేదు. డాక్టరమ్మగారు నాడి మీద నుంచి చెయ్యి తీయలేదు. దారిలో ఫిట్స్ వచ్చాయి. ఆయన్ని పక్కకి తిప్పి, తల ఒళ్ళో పెట్టుకుని, "నాలిక జోలికి వెళ్ళొద్దు, నోట్లో ఏవీ పెట్టొద్దు, కదలనివ్వు" అని నాకు చెబుతూ, ఆటో అబ్బాయితో "నువ్వు ముందుకే చూడు నాయనా" అన్నారు. ఆసుపత్రిలో మందులతో నాలుగైదు రోజులు నిద్రపుచ్చారు. కళ్ళు తెరిచి నన్ను పేరు పెట్టి పిలిచినప్పుడు, ఆవిడ వార్డు బయటికి వెళ్ళి కొంగుతో మొహం తుడుచుకోవడం చూశాను.

చెప్పకుండా మానొద్దని చర్చిలో చెప్పమని డాక్టరమ్మగారు అడిగితే, అది తాగమన్నట్టు అవుతుందేమోనని అంతకుముందు వెనకాడిన పాస్టరుగారు, మరుసటి ఏడు నుదుట బూడిద పెట్టేముందు అందరికీ చెప్పారు: "మానాలనుకున్నవారు దయచేసి డాక్టరమ్మగారికి చెప్పి మానండి." పక్క వీధిలో మాల వేయించే గురుస్వామిగారూ అదే మాట చెప్పడం మొదలుపెట్టారు. ఆ వారాల్లో ఆవిడ వరండా నిండిపోయేది. అందరికీ మజ్జిగే. ఈ మధ్య కుర్రాళ్ళ గంజాయి గురించి, నిద్రమాత్రల గురించి కూడా అడిగి తెలుసుకునేవారు. "మందైతే వాసనొచ్చి పట్టిస్తుంది. మాత్రలకి అదీ లేదమ్మా" అని దిగులుపడేవారు.

మా ఆయన మందు మానేసి ఏళ్ళు గడిచినా, ఎప్పుడు వెళ్ళినా ఆయన చేతికి నిండు గ్లాసే. నాకు చిర్రెత్తుకొచ్చి ఒకరోజు అడిగేశాను. "ఇంకా ఎన్నాళ్ళండీ ఈ పరీక్ష?"

"నేనున్నన్నాళ్ళూ" అన్నారు నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, "నీ భయం నా దగ్గర దాచకమ్మా. ఏ రక్తపరీక్ష కన్నా ముందు ఇంట్లో ఆడవాళ్ళ భయమే చెప్తుంది నాకు" అన్నారు. భయపడతానని నన్ను అందరూ దెప్పుతారు. అది పనికొచ్చే వస్తువని చెప్పిన మనిషి ఆవిడొక్కరే.

అందుకే మొన్న బుధవారం వెళ్ళి చెప్పాను. ఆయన ఇప్పుడు వారమంతా చెరువుల దగ్గరే ఉండి శనివారం ఇంటికి వస్తారు. ఈ మధ్య ఫోనులో మాట త్వరగా తెంపేస్తున్నారు. జేబులో యాలకులు ఉంటున్నాయి. వీటిలో ఏదీ నేరం కాదు. అడిగితే నొచ్చుకుంటారు, అడక్కపోతే నాకు అన్నం దిగదు. అన్నీ విని ఆవిడ, "ఆదివారం తీసుకురామ్మా. మజ్జిగ ఇస్తాను" అన్నారు.

వచ్చే బుధవారం శ్రమ దినాలు మొదలవుతాయి. ఆయన మళ్ళీ మొదలుపెట్టి ఉంటే, ఆ రోజు ఎవరికీ చెప్పకుండా మానేస్తారు. నాకు తెలిసిన మనిషే కదా, సిగ్గుతో నోరు విప్పరు. మళ్ళీ మూడో రోజు వస్తుంది. ఈసారి చెప్పుల్లేకుండా పరుగెత్తినా ఆ ఇంటి తలుపు తెరిచి ఉండదు.

నిన్న సమాధుల తోటలో చోటు చాలలేదు. చెరువు గట్ల మీద నుంచి, తోటల్లోంచి పనిబట్టలతోనే వచ్చారు మగవాళ్ళు. మాల వేసుకునేవాళ్ళు, బూడిద పెట్టుకునేవాళ్ళు ఒకే వరసలో నిలబడి గుప్పెడు గుప్పెడు మట్టి వేస్తున్నారు. మా ఆయన వంతు వచ్చింది. వంగి మట్టి తీసుకున్నారు. పిడికిలి పెట్టె మీదికి చాపారు. ఆ చెయ్యి వణుకుతోంది. తెరవకముందే వేళ్ళ సందుల్లోంచి మట్టి రాలిపోతోంది. ఆయన ఏడుస్తున్నారు. ఏడ్చేవాళ్ళ చేతులు వణుకుతాయి, నాకు తెలుసు. కానీ అది ఏ వణుకో ఒక్క చూపుతో చెప్పగలిగిన మనిషి ఆ పెట్టెలో ఉన్నారు.

ఇవాళ ఆదివారం. పనమ్మాయిని అడిగి ఆ గాజు గ్లాసు తెచ్చుకున్నాను. మజ్జిగ చేసి అంచు దాకా పోశాను. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఏవోయ్, దాహంగా ఉంది, మజ్జిగుందా?" అని కేక వేశారు. "తెస్తున్నానండి" అన్నాను. గ్లాసు ఎత్తబోతే నా చేతిలోనే ఒలికింది. బల్ల తుడిచి మళ్ళీ నిండా పోశాను. నా చెయ్యి కుదురుకోవాలని చూస్తున్నాను.