కొండ కనిపిస్తే

దీవిలో విమానాశ్రయం పక్కనున్న చిన్న హోటల్లో గదులు సర్దే సింహాచలమ్మ రోజూ తొలి ఫెర్రీకి నీళ్లకి అవతలున్న బాంబూఫ్లాట్ నుంచి వస్తుంది. విమానం వస్తుందో రాదో అతిథులు ఫోను చూడకుండా ఆమెనే అడుగుతారు. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, దారిలో హోప్ టౌన్ కొండ కనబడిందా లేదా అన్నదాన్ని బట్టి చెబుతుంది. మొన్న ఆరో గదిలో దిగినతను, భార్యను ఆపరేషనుకి చెన్నై తీసుకెళ్తూ, "ఓడ టికెట్టు కూడా ఉంది దీదీ. దేంట్లో ఎల్లమంటావు?" అన్నాడు. "కొండ సాఫ్‌గా ఉంది భయ్యా. ఫ్లైటు వచ్చేస్తాది," అంది. వాళ్లు ఓడ వదిలేశారు. మధ్యాహ్నం వానలో విమానం నెత్తిమీద రెండు చుట్లు తిరిగి, దిగకుండానే వెళ్లిపోయింది. మళ్లీ ఆరో గదికే వచ్చిన ఆ భార్య, "పక్క దుప్పటి మార్చకు దీదీ, పొద్దుటిదే కదా," అని మంచం మీద మెల్లగా ఒరిగింది. ఇప్పుడు సింహాచలమ్మ ఫెర్రీలో కొండ వైపు వీపు పెట్టి కూర్చుంటోంది.