బిళ్ల లేనిదే డబ్బా లేదు

లింగమూర్తి ఇంట్లోంచి గరిటెడు కూర బయటికి పోవాలంటే ముందుగా ఒక ఇత్తడి బిళ్ల లోపలికి రావాలి. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. మిగతా అన్ని విషయాల్లో మామూలు మనిషే. కాకపోతే ఈ ఒక్క పిచ్చే పదిమందికి సరిపోయేంత ఉండేది కాబట్టి, భార్య అనసూర్య ఆ మిగతాదాన్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

ముప్పై రెండేళ్లు ఆయన గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి లాంప్ రూంలో పనిచేశాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న బిళ్లను కిటికీలో ఇచ్చి, అదే నంబరున్న టోపీ దీపం తీసుకుంటాడు. డ్యూటీ అయ్యాక దీపం అప్పగిస్తే బిళ్ల తిరిగి చేతికొస్తుంది. షిఫ్టు పూర్తయ్యాక బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే, ఆ మనిషి ఇంకా భూమి కిందనే ఉన్నాడన్నమాట. రిటైరైన రోజు తోటివాళ్లు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి, "ఇగ ఆరాం చెయ్యి లింగన్నా" అన్నారు. లింగమూర్తి మర్నాడే కంచరి దగ్గరికి పోయి నలభై ఇత్తడి బిళ్లలు చేయించి, ఒక్కోదాని మీద నంబరు కొట్టించుకొచ్చాడు.

ఆ తర్వాతి వారం ఫరీద్ ఐస్‌క్రీం దుకాణం ఎత్తేస్తుంటే అతని డీప్ ఫ్రీజర్‌ను రిక్షాలో ఇంటికి తెచ్చాడు.

"లింగన్నా, గింత పెద్ద డబ్బాల ఏం పెడ్తవ్?" అని అడిగాడు ఫరీద్.

"కూరలు."

"కూరలా? తౌబా. గడ్డకడ్తయి."

"కట్టనీ. గడ్డకడ్తెనే ఆగుతయి."

ఫ్రీజర్ మీద కోన్ ఐస్‌క్రీం బొమ్మలు అట్లాగే ఉండిపోయాయి. గల్లీ పిల్లలు ఆశగా వచ్చి, మూతెత్తి, ఇటుకల్లా పేర్చిన పప్పునూ కోడికూరనూ చూసి, మోసపోయిన ముఖాలతో వెళ్లేవాళ్లు. ఫ్రీజర్ పైన గోడకు నలభై మేకులు. గల్లీలో ఇంటికొక బిళ్ల. పండుగకో పెళ్లికో మిగిలిన కూర అందులో చేరుతుంది. సెకండ్ షిఫ్టు దిగి ఆకలితో వచ్చినవాడు, జ్వరంతో పొయ్యి వెలిగించలేని ఆడమనిషి, ఎవరైనా బిళ్ల ఇచ్చి డబ్బా తీసుకుపోవచ్చు. ఖాళీ డబ్బా తెస్తే బిళ్ల వాపసు.

ఒకటో నంబరు అనసూర్యది. సొంత వంటింటికి తీసుకుపోయే డబ్బాకైనా ఆమె బిళ్ల ఇవ్వవలసిందే. మంచిర్యాల నుంచి వచ్చిన అల్లుడు తిరుగు ప్రయాణంలో మటన్ డబ్బా చంకన పెట్టుకుంటే లింగమూర్తి చేయి చాచాడు.

"బిళ్ల ఏది?"

"అల్లునికి గూడ బిళ్లనా మామా?"

"మేనేజరైనా బిళ్ల ఇచ్చే బాయి దిగుతడు. నువ్వు మేనేజరు కన్న పెద్దోనివా?"

పొద్దుగూకే వేళకు మేకు మీద బిళ్ల మిగిలి ఉంటే ఆయన కూర్చోలేడు. చెప్పులేసుకుని ఆ ఇంటి గేటు ముందు నిలబడతాడు. "ఇంకా తింటున్నం కాకా" అంటే, "తినుండ్రి, నేను నిలబడ్త" అంటాడు. నిలబడతాడు కూడా.

"ప్లాస్టిక్ డబ్బాకు మనిషి పాణం తీస్తడు" అనేవాడు ఎదురింటి సదయ్య. సదయ్యకూ ఒక విడ్డూరముంది. అతని పడకగదిలో బల్బు ఆరేది కాదు. పడుకున్నా, లేచినా, మిట్టమధ్యాహ్నమైనా వెలుగుతూనే ఉండేది. కరెంటు పోతే లాంతరు. ఆ గల్లీలో ఎవరి పిచ్చి వాళ్లకు పద్ధతి, ఎదుటివాడి పద్ధతి పిచ్చి.

2009 మే నెలలో, మూడిళ్ల అవతలి అంజి ఫస్ట్ షిఫ్టుకు పోయి, కప్పు కూలి, బొగ్గు కింద పడి చచ్చిపోయాడు. ముప్పై మూడేళ్లవాడు. భార్య సంతోషి, ఏడేళ్ల కూతురు, తల్లి పోశవ్వ మిగిలారు. జాతర జరిగిన ఏడాది పుట్టిందని ఆ పిల్లకు సారలమ్మ అని పేరు పెట్టుకున్నారు. దవాఖాన నుంచి శవం వచ్చేసరికి సాయంత్రమైంది. ముఖం చూపించలేదు. సంతోషి కాళ్లు చూసి గుర్తుపట్టింది.

చావింట్లో పొయ్యి వెలగదు కాబట్టి మూడు రోజులు ఊరంతా వండి తెచ్చింది. మనవాళ్ల దయ ఎప్పుడూ ఇంతే, వస్తే గంపలకొద్దీ ఒక్కసారే వస్తుంది. ముగ్గురు మనుషులు, పదిహేడు గిన్నెల పప్పు. ఒక్కరి గొంతులోకీ ముద్ద దిగడం లేదు. నలభై ఆరు డిగ్రీల ఎండలో మధ్యాహ్నానికే గిన్నెలు నురగలు కక్కుతున్నాయి. అయినా తెచ్చేవాళ్లు తెస్తూనే ఉన్నారు. తేకపోతే ఎవరేమనుకుంటారోనని.

రెండో రోజు పొద్దున లింగమూర్తి సైకిల్‌కు రెండు బకెట్లు తగిలించుకొచ్చి, ఇంకా వేడి చల్లారని కూరలన్నీ డబ్బాల్లోకి ఎత్తుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తీసుకుపోయాడు. పొద్దుగూకేసరికి కథ గల్లీ దాటింది. చావింటి కూర దొంగతనం చేశాడని కొందరు, చావింటి మైల తెచ్చి అందరి కూరల మధ్య పెట్టాడని కొందరు. అనసూర్య కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంట్లోకి వచ్చింది.

"ఇజ్జత్ తీసినవ్ గదయ్యా. పీనుగు లేచిన ఇంట్లకెల్లి కూరెత్తుకొస్తరా ఎవరన్న?"

"పన్నెండో దినం చూద్దువు."

"ఏముంటది పన్నెండో దినం?"

"ఏముండది. అదే చూద్దువు."

ఆయనన్నట్టే అయింది. పదకొండో రోజు కర్మ చేశారు, తిన్నారు, చేతులు కడిగారు, బస్సెక్కారు. పన్నెండో రోజు ఆ గేటు తీసినవాడు లేడు. లింగమూర్తి మూడు డబ్బాలు, మూడు కొత్త బిళ్లలు పట్టుకుని పోయాడు. ఇరవై ఒకటి పోశవ్వకు, ఇరవై రెండు పిల్లకు, ఇరవై మూడు సంతోషికి.

"ఇంటికొకటే గద నీ బిళ్ల?" అంది పోశవ్వ.

"బాయిలకు ఇంటికొక దీపం ఇస్తరా వదినె? మనిషికొకటి."

చావింటి నుంచి తెచ్చిన కూర వారం వచ్చింది. తర్వాత అనసూర్య వండింది. ఎంత సణిగినా ఆమె వండింది. వారానికి రెండుసార్లు పెద్ద గిన్నెలో వండి, డబ్బాల్లో నింపి, గడ్డకట్టించేవాళ్లు. పోశవ్వకు పళ్లు లేవని మెత్తని పప్పు, పిల్లకు కారం తక్కువ, సంతోషికి మామూలుది. వాళ్లింట్లో ఇంత అన్నం వండుకుని, గడ్డను గిన్నెలో వేసి మరిగిస్తే చాలు. మన కాళ్ల కింది బొగ్గుతో ఎక్కడెక్కడి పట్నాలో మెరిసిపోతున్న ఆ ఎండాకాలం, కంపెనీ కాలనీ అవతలి ఈ గల్లీకి పూటకు రెండుసార్లు కరెంటు పోయేది. లింగమూర్తి ఫ్రీజర్ మీద గోనె పట్టాలు కప్పి, కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాడు. ఆ సమయంలో మూత ఎత్తబోయినవాళ్లెవరూ రెండోసారి ఎత్తబోలేదు.

రోజూ సాయంత్రం పోశవ్వ మూడు ఖాళీ డబ్బాలు తెచ్చి మూడు బిళ్లలు తీసుకుపోయేది. లింగమూర్తి ఎప్పుడూ లేనిది, డబ్బాల మూతలు తీసి వాసన చూడడం మొదలుపెట్టాడు.

"ఇరవై మూడు ఎట్లుండెనట?" అనేవాడు.

"మంచిగుండెనట" అనేది పోశవ్వ.

అనసూర్య ముఖం వెలిగేది. కూరలో ఉప్పు వేయడంలో ఆమెకు పేరుంది. చేత్తోనే వేస్తుంది, రుచి చూడదు, ఎన్నడూ తప్పలేదు. గల్లీలో పెళ్లయినా దినమైనా ఉప్పు వేళకు ఆమెకు కబురొస్తుంది. అట్లాంటి కూర మంచిగుందంటే మొగుడి ముఖం మాడిపోవడం ఆమెకు అంతుపట్టలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. మంచిగుందన్న కొద్దీ ఆయన కుంగిపోతున్నాడు.

సంతోషి బయటికి రావడం మానేసింది. ఒకసారి అనసూర్యే చూసి రావడానికి పోతే, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. బయట పోశవ్వ అనసూర్య చేయి పట్టుకుంది.

"కొడుకు పాయె. ఇది గూడ పోతే, ఈ పిల్లను నేనెన్నొద్దులు సాదుత చెల్లె?"

"తింటున్నది గద అక్కా."

"తింటనే అంటది. నన్నూ పిల్లనూ ముందుగాల తినమంటది. ఆమె డబ్బా పట్టుకుని పెరట్లకు పోతది. నాకు కండ్లు కనిపియ్యయి."

అనసూర్య ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద టమాట పప్పు ఉడుకుతోంది. ఆమె ఇంకా ఉప్పు వేయలేదు. లింగమూర్తి గరిటెతో ఒక డబ్బా నింపుకుని మూత పెడుతున్నాడు.

"ఆగు. ఉప్పెయ్యలే."

"తెలుసు."

"తెలిసి తీసుడేంది?"

ఆయన మూత మీద చేయి తీయలేదు. ఇరవై మూడో డబ్బా.

"ఎన్ని దినాల నుంచి?" అంది అనసూర్య.

"పదకొండు."

"పదకొండు దినాల నుంచి నా చేతి కూర చప్పిడిది పోతున్నదా గా ఇంటికి?"

"పోతున్నది. మంచిగుందని జవాబొస్తున్నది."

అనసూర్య పీట మీద కూలబడింది. ముందు వచ్చింది కోపమే. ఇంత చప్పిడి పప్పు నోట్లో పెట్టుకున్న మనిషి ఎవరైనా నాలుగు తిట్లు తిట్టకుండా ఉంటారా అన్న ఆలోచన ఆ వెనకాల వచ్చింది.

"పెరటి మోరీల పారబోస్తున్నది" అన్నాడు లింగమూర్తి.

"డబ్బా ఖాళీగ, కడిగి వస్తున్నది గదయ్యా."

"సదయ్య దీపం గూడ వచ్చింది."

అది ఇరవై ఏళ్ల కిందటి సంగతి. సదయ్య బాయి కింద ఒక పాత మూలన నడుముకున్న దీపం బెల్టు విప్పి పక్కన పెట్టి కునుకు తీశాడు. షిఫ్టు దిగుతున్న దోస్తు ఆ దీపం చూసి, మరిచిపోయి పైకి పోయాడనుకుని, మేలు చేద్దామని తెచ్చి కిటికీలో ఇచ్చాడు. లింగమూర్తి దీపం చూశాడు, నంబరు చూశాడు, బిళ్ల ఇచ్చేశాడు. మనిషేడని అడగలేదు. బోర్డు ఖాళీ. కాగితం ప్రకారం అందరూ ఇంటికి చేరినట్టే. సదయ్య మర్నాడు పొద్దున దొరికాడు. బతికే ఉన్నాడు. గోడలు తడుముకుంటూ పాకి పాకి చేతులకు చర్మం లేదు. ఆ తర్వాత దీపం ఆర్పి పడుకోలేదు.

ఆ సంగతి అందరికీ తెలుసు. డబ్బా కోసం గేట్ల ముందు నిలబడే మనిషికీ ఆ కథకూ ముడి ఉందని ముప్పై నాలుగేళ్లు కాపురం చేసిన అనసూర్యకు ఆ పూట వరకూ తట్టలేదు.

కాసేపటికి లేచింది. పొయ్యి మంట తగ్గించింది.

"నీకు దీపాలు తెలుసు, తల్లుల సంగతి తెల్వదు" అంది. "ఆమె మూతే తీస్తలేదు. ఆమె డబ్బాల ఉప్పు లేకపోతే ఆమెకేం ఎరుక? పిల్ల డబ్బాల తియ్యి."

"చిన్నపిల్లనే."

"ఒక్క పూట. ముసలామెకు గూడ తియ్యి. పిల్లకు మార్చి పెట్టే సందు దొరకొద్దు."

ఆ రోజు మూడు డబ్బాల పప్పూ ఉప్పు రాయి తగలకుండా గడ్డకట్టింది. ఉప్పు డబ్బా మూత బిగించింది అనసూర్యే.

మర్నాడు మధ్యాహ్నం డబ్బాలు ఆ ఇంటికి పోయాయి. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఎదురుగా సదయ్య తన బల్బు కింద కాళ్లు చాపుకుని బీడీ కాలుస్తున్నాడు. మూడిళ్ల అవతల నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. తర్వాత, "తిను, సతాయించకు" అన్న గొంతు. మళ్లీ ఏడుపు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. లింగమూర్తి లేవబోతే అనసూర్య చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

గేటు చప్పుడైంది. సంతోషి వస్తోంది. నలభై రోజుల తర్వాత ఎండలోకి వచ్చింది కాబట్టి చేయి కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఇంకో చేతిలో పిల్ల డబ్బా. నడక సరిగా లేదు, కానీ కోపం సరిగానే ఉంది.

"కాకా, ఏంది గిది?"

"ఏమాయె బిడ్డా?"

"ఉప్పేది? చప్పిడి పప్పు పసిపిల్ల ఎట్ల తింటది? అన్నం ముందటేసుకుని ఏడుస్తున్నది. నేను దాన్నే తిట్టిన, సతాయిస్తున్నవని. నోట్ల పెట్టుకుంటె కడిగిన నీళ్ల లెక్కున్నది."

"నోట్ల పెట్టుకున్నవా?" అన్నాడు లింగమూర్తి.

సంతోషి ఆగిపోయింది. డబ్బా వైపు చూసింది.

"పెట్టుకుంటెనే గద తెలిసింది" అంది, గొంతు తగ్గించి.

గల్లీలో నాలుగు తలలు బయటికొచ్చాయి. సదయ్య బీడీ పక్కన పెట్టాడు. "ఏందేందీ, అనసూర్యమ్మ కూరల ఉప్పు లేదా? పొద్దు ఎటు పొడిచింది ఇయ్యాల?"

లింగమూర్తి నోరు తెరిచాడు. నిజం చెప్పేస్తాడేమోనని అనసూర్యకు భయమేసింది. ఆమె లేచి నిలబడి, నలుగురికీ వినపడేటట్టు అంది.

"నేనే మర్చిపోయిన. ముసల్దాన్నయిన, చెయ్యి తప్పుతున్నది. ఇంకో మూణ్నెల్లు చెప్పుకుని నవ్వుండ్రి."

చెప్పుకున్నారు కూడా. మూణ్నెల్లు కాదు, తెలంగాణ వచ్చేదాకా చెప్పుకున్నారు. పెళ్లిళ్లలో ఉప్పు వేళకు ఆమెకు కబురు రావడం తగ్గింది.

లింగమూర్తి లోపలికి పోయి ఇరవై మూడో బిళ్ల మేకు మీంచి తీసి తెచ్చి సంతోషి అరచేతిలో పెట్టాడు. ఆ నంబరు డబ్బా ఇంకా వాళ్లింట్లోనే ఉంది. డబ్బా రాకుండా బిళ్ల వాపసు పోవడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. సంతోషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అరుగు చివర కూర్చుంది. నిలబడే ఓపిక లేదు.

"పిల్లను, అత్తను ఈడికే పిలువుండ్రి. అన్నం గూడ తెమ్మనుండ్రి" అంది. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, "ఉప్పు దే చిన్నమ్మా" అంది.

అనసూర్య వంటింట్లోకి దాదాపు పరుగెత్తింది. ఉప్పు డబ్బా గుండెకు హత్తుకుని గడప దాటబోతుంటే, అడ్డంగా ఒక చేయి చాచి ఉంది.

"బిళ్ల ఏది?" అన్నాడు లింగమూర్తి.

ఆమె ఆయన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది. కొంగు ముడి విప్పి, ఒకటో నంబరు తీసి ఆ చేతిలో పెట్టి, బయటికి పోయింది.