పాప బుగ్గ మీద చుక్క

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని ఆటపట్టించడం నాకు భలే సరదా. కృష్ణపట్నం పోర్టులో ఎన్నో రాత్రులు ఒంటరిగా డ్యూటీ చేశాను, ఏనాడూ భయపడలేదు. అందుకే ఇది చెప్పాలంటే కాస్త మొహమాటంగానే ఉంది.

పోయిన వేసవిలో నేనూ, నా భార్య సునీతా పాపని తీసుకుని వాకాడు వైపు చుట్టాలింటికి వెళ్ళి వస్తున్నాం. దారిలో ఒక పల్లెలో పాత జమీందారు మేడ కనిపించింది. పాత కట్టడాలంటే నాకు పిచ్చి. పాప అప్పుడే జ్వరం నుంచి తేరుకుంది. నిద్ర లేదు, ఒకటే ఏడుపు. సునీత కళ్ళు గుంటలు పడిపోయాయి.

"ఇప్పుడు మేడలు చూడాల్నా?" అని విసుక్కుంది.

మేడని చూసుకునే కోటమ్మ, ఏడుపు విని తనే తలుపు తీసింది. "ఎండకి బిడ్డ అల్లాడతా ఉండాది. లోపల చల్లంగా ఉంటది, పండబెట్టమ్మా" అంది.

పెద్ద హాలు. దూలానికి ఉయ్యాల కొక్కేలు ఇంకా అలాగే ఉన్నాయి. సునీత దుప్పటి పరిచి పాపని పడుకోబెట్టి, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఫోనులో ఇద్దరికీ ఒక ఫోటో తీసి, నేను గడప బయట కోటమ్మతో మాట్లాడుతూ నిలబడ్డాను. లోపలికి దారి ఆ ఒక్క తలుపే. మిగతా వాటికన్నిటికీ తాళాలు.

కాసేపటికి ఏడుపు ఆగింది. ఆ తర్వాత నవ్వు వినిపించింది. పాప నవ్వి ఎన్నాళ్ళయిందో! తొంగి చూస్తే సునీత కూర్చున్నచోటే నిద్రపోయింది. పాప మాత్రం పైకి చూస్తూ, ఎవరో ఆడిస్తున్నట్టు కాళ్ళూ చేతులూ కొడుతోంది.

దగ్గరికి వెళ్ళాను. బుగ్గ మీద కాటుక చుక్క.

మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. మా ఇంట్లో దిష్టిచుక్క పెట్టే అలవాటు లేదు, కాటుకే లేదు. ఫోటోలో బుగ్గ శుభ్రంగా ఉంది. తాకితే వేలికి తడిగా అంటుకుంది. ఆముదం వాసన.

"నువ్వేమన్నా పెట్టినావా, పెద్దమ్మా?"

"నేను మీ పక్కనే ఉంటిని గదయ్యా." కోటమ్మ వంగి పాపని చూసి నవ్వింది. "ముద్దొచ్చి పెట్టుంటారులే."

"ఎవరు?"

"బిడ్డకి నిద్రొస్తా ఉండాది. గట్టిగా మాట్లాడబాకండి."

నిజంగానే పాప కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇల్లు చేరేదాకా లేవలేదు.

మేడ నుంచి బయల్దేరేముందు సునీత మేలుకుని ఆ చుక్క చూసింది. తుడిచేస్తుందనుకున్నాను. కొంగు ఎత్తింది కూడా. ఎందుకో మళ్ళీ దించేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేస్తూ, అందరి పేర్లూ అయ్యాక సునీత పాప బుగ్గ వైపు చూసింది. "ఆ చుక్క పెట్టినవాళ్ళని కూడా చల్లంగా చూడు ప్రభువా" అంది.

ఆమెన్ అన్నాను. ఎవరి కోసం అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.