లాంచీ వెనక మూత

నేను ఓడల ఇంజనీర్ని. లెక్కకు అందనిది ఏదీ నమ్మను. మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్ వాళ్లు దెయ్యాల ముచ్చట మొదలుపెడితే లేచి వచ్చేస్తాను. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది.

హైటెక్ సిటీలో సముద్రం లేకపోయినా ఓడల పని ఉంటుంది. పడవల నమూనాలు కంప్యూటర్లో తయారుచేసి, ఎంత బరువుకి ఎంత ఒరుగుతాయో చూస్తాం. రెండేళ్ల కిందట ఒక నదిలో ప్రయాణికుల లాంచీ బోల్తాపడి మునిగింది. చాలామంది పోయారు. లాంచీ ఇంకా నది అడుగునే ఉండగా, కారణం తేల్చే పని విచారణ కమిటీ మాకు అప్పగించింది.

లాంచీ నడిపిన సరంగు బతికి బయటపడ్డాడు కానీ జైల్లో ఉన్నాడు. మలుపులో వేగం తగ్గించలేదని కేసు. "మలుపు రాకముందే లాంచీ బరువెక్కిందండి. చుక్కాని నా మాట విన్లేదు" అని మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

కానీ ఎంత వేగం పెట్టినా, జనాన్నంతా ఒకవైపుకి జరిపినా, నా నమూనా ఒరిగి మళ్లీ లేచేది. మూడు వారాలు అదే తంతు. చివరికి విసిగి, తప్పు సరంగుదేనని నివేదిక రాసేశాను. పంపడమే మిగిలింది.

ఆ మధ్యాహ్నం సరోజమ్మ నా బల్ల తుడవడానికి వచ్చింది. మా ఫ్లోరు శుభ్రం చేసే మనిషి, శేరిలింగంపల్లి నుంచి వస్తుంది. స్క్రీన్ మీద లాంచీ అడుగుభాగం గీతలు మాత్రమే ఉన్నాయి. ఆమె వాటిని చూస్తూ, చేతిలో గుడ్డతో అలాగే నిలబడిపోయింది.

"మేడం, ఎనక మూత తెరిచే ఉంది గదా. అండ్లకెళ్లే నీళ్లు వస్తున్నయ్."

"ఏ మూత, సరోజమ్మా?"

"గదే. పాపం, ముసలాయన లోపలికెళ్లి గుంజుతనే ఉన్నడు, పడ్తలేదు. కనిపిస్తలేదా మీకు?"

ఆమె గొంతులో భయం లేదు. జాలి ఉంది. బకెట్ తీసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

మాకిచ్చిన డ్రాయింగుల్లో వెనకవైపు మూతే లేదు. అయినా నమూనాలో అక్కడ ఒక రంధ్రం పెట్టి నడిపాను. వెనక లేచే అలలు అందులోంచి లోపలికి వచ్చి అడుగున నీళ్లు చేరాయి. మలుపులో ఆ నీళ్లన్నీ ఒకపక్కకి పోయి, లాంచీ తిరగబడింది. నివేదిక ఆపేసి, లాంచీని బయటికి తీసినప్పుడు వెనకభాగం చూడమని కమిటీకి రాశాను.

నెల తర్వాత క్రేన్లతో లాంచీని తీశారు. చుక్కాని మరమ్మతు కోసం యజమాని ఎవరికీ చెప్పకుండా వెనక డెక్ కోయించి, ఇనుప మూత పెట్టించాడు. దాని అంచు వంగిపోయి పూర్తిగా మూసుకోదు. మూత కింద లాంచీ మెకానిక్ శవం ఉంది. తెల్లజుట్టు మనిషి. అప్పటిదాకా ఆయన పేరు గల్లంతైనవాళ్ల జాబితాలో ఉంది.

సరంగు ఇంటికి వెళ్లాడు.

సరోజమ్మని అడిగాను. లాంచీ మునిగిన సంగతే ఆమెకు తెలియదు. "బొమ్మల కనపడ్డది చెప్పిన, మేడం. మీకు కనిపిస్తలేదని నాకేం ఎరుక?" అంది.

వెనకభాగం మీద అనుమానం ఎలా వచ్చిందో నివేదికలో రాయాలి. "ఇంజనీరు అంచనా" అని రాసి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. దాని బదులు ఏం రాసి ఉండాల్సిందో ఇప్పటికీ నాకు తెలియదు.