అగ్గిపెట్టెలోని ఎర్ర ఈగ

మొన్న ఆదివారం మా చిన్నవాడి కూతురు బ్యూటీ పార్లరు నుంచి వచ్చి, నా పడక కుర్చీ ముందు నిలబడి, తల అటూ ఇటూ తిప్పి చూపించింది. వాళ్ల నాయనమ్మ పోలికతో నల్లగా నిగనిగలాడే జుట్టు, మెడ దగ్గర నుంచి కొసల దాకా రాగి రంగుకు తిరిగి ఉంది. ఎట్లుంది తాతా అని అడిగింది. నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. ముసలాయనకు ఫ్యాషన్లు గిట్టవులే అని మా కోడలు ఆ పిల్లకు సర్దిచెప్పడం వినబడింది. ఆ మాట నిజం కాదు. నా కాలంలో నేనూ పాపిట పక్కకు తీసి, చెవిలో సెంటు దూది పెట్టుకుని తిరిగిన శాల్తీనే. ఆ రంగు నేను ఇంతకు ముందు ఒకచోట చూశాను, అంతే. ఎందుకో ఆ పిల్లకు చెప్పే ధైర్యం లేదు. నా ఈడువాళ్లు ఇంకా నలుగురైనా మిగిలి ఉంటారు కదా, మీకు చెప్పుకుంటాను.

తెల్లదొరలు ఇంకా వెళ్లిపోని రోజులు. నంద్యాల పక్క కాలువ ఆఫీసులో నేను టెంపరరీ గుమాస్తాను. మా పై అధికారి ఒక దొర, ఆయనకు ఉద్యోగం కంటే గాలం మీద మక్కువ ఎక్కువ. ఆ గాలానికి ఎర గుచ్చడు, ఈగ కడతాడు. ఈగంటే నిజం ఈగ కాదు, గాలపు ముల్లుకు కోడి ఈక, పట్టుదారం, నెమలి పింఛపు పోగు చుట్టి, నీళ్ల మీద వాలిన పురుగులాగా కనిపించేట్టు చేసే బొమ్మ. చేప దాన్ని పురుగనుకుని మింగుతుంది. యుద్ధం వచ్చి దొరల సీమ నుంచి సరుకు ఆగిపోయాక, చెడిపోయిన ఈగలను బాగుచేయమని దొర నా చేతిలో పెట్టాడు. ఒక్కొక్క చుట్టూ విప్పి చూసి, అదే వరసలో మళ్లీ చుట్టి, అలా నేర్చుకున్నాను, నేర్చుకుని పిచ్చివాణ్ణయ్యాను. ఇంట్లో ఉండే ఈగలు చాలవని ఈయన కొత్తవి తయారుచేస్తున్నాడని నా భార్య వీధంతా చెప్పి నవ్వించేది.

ఈ పిచ్చిలో నాకు ఒక తోడు దొరికాడు. కోసిగి దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులు, మూడు తరాలుగా క్రైస్తవులు, నాకంటే పదేళ్లు పెద్ద. పంతుళ్ల ట్రైనింగుకు నంద్యాల వచ్చినప్పుడు కాలువ గట్టు మీద పరిచయమై, నేను అన్నా అని పిలిచేటంత దగ్గరయ్యాడు. ఈగ కట్టడం నేనే నేర్పాను కానీ ఆర్నెల్లు తిరక్కుండానే గురువును మించిపోయాడు. ఆయన ఊరికి వెళ్లిపోయాక మా స్నేహమంతా అగ్గిపెట్టెల్లోనే నడిచింది. అగ్గిపెట్టెలో పూర్తయిన ఈగ ఒకటి, కట్టే తీరు తెలియడానికి సగంలో ఆపిన ఈగ ఒకటి, ఒక చీటీ పెట్టి, పైన గుడ్డ కుట్టి టపాలో వేసేవాళ్లం. చీటీలో నాలుగు వరసలు ఉండాలి: ముల్లు ఏది, దారం ఏది, ఒంటికి ఏం చుట్టావు, రెక్కకు ఏం కట్టావు. ఏదీ దాచకూడదనేది మేమిద్దరం పెట్టుకున్న నియమం. కర్నూలులో మాకు పట్టుదారపు ముక్కలు ఏరిపెట్టే దర్జీ సాయిబు తాత, ఈ కాగితాలు చూసి, ఆడవాళ్లు కూర తాలింపు కూడా ఇంత వివరంగా చెప్పుకోరని ఎగతాళి చేసేవాడు.

వానలు వరసగా రెండేళ్లు ఎగ్గొట్టిన కాలంలో, కోసిగి నుంచి ఒక అగ్గిపెట్టె వచ్చింది. తెరిచాను. ఒళ్లంతా ఎండిన మొక్కజొన్న పీచు రంగులో, పాత రాగిచెంబును అప్పుడే చింతపండుతో తోమినట్టు మెరిసే ఎర్ర ఈగ. గ్లాసు నీళ్లలో వేస్తే, ఆ సన్నని పోగులు విచ్చుకుని ప్రాణమున్నట్టే కదిలాయి. చీటీ చూశాను. ముల్లు రాశాడు, దారం రాశాడు, రెక్క రాశాడు. ఒంటికి ఏం చుట్టాడో రాయవలసిన మూడో వరస ఖాళీగా ఉంది.

మరచిపోయాడనుకుని కార్డు రాశాను. జవాబు లేదు. ఈలోగా ఆ ఈగను దొరకు ఇచ్చాను, ఆయన సుంకేశుల ఆనకట్ట దగ్గర దానితో చెయ్యి పొడుగు చేపను పట్టి, చేపతో పాటు ఫొటో తీయించుకుని, క్రిస్మసుకు స్నేహితులు వస్తున్నారు, అలాంటివి రెండు డజన్లు కట్టివ్వు, నిన్ను పర్మనెంటు చేయమని పైకి రాస్తాను అన్నాడు. నాకు అప్పటికే ఇద్దరు పిల్లలు, మూడోసారి నా భార్య ఆరో నెల గర్భిణి, ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగం. ఇక నాకు నిద్ర లేదు. మేక బొచ్చు తెచ్చి గోరింటాకులో నానబెట్టాను, కొబ్బరి పీచు చీల్చాను, ఉల్లిపొట్టు ఉడకబెట్టి ఉన్ని దారం ముంచాను, అన్నం వండే గిన్నెలు పాడుచేసి ఇంట్లో తిట్లు తిన్నాను. ఆ రంగు రాలేదు. సగంలో ఆపిన ఈగను దీపం దగ్గర పెట్టుకుని, ఇది ఏ జంతువుదబ్బా, అప్పుడే పుట్టిన దూడదా, నక్కదా అని చూసేవాణ్ణి. చివరికి నాకు కోపం వచ్చింది. నేను నీ దగ్గర ఒక్క పోగైనా దాచలేదు, నువ్వు మాత్రం గుట్టు పెట్టుకున్నావు, ఇదేనా మీ బైబిలు నేర్పింది అని, రాయకూడని మాట కూడా రాసేశాను. దానికీ జవాబు రాకపోతే, సెలవు పెట్టి నేనే బయలుదేరాను.

ద్రోణాచలం మీదుగా పోయి, గుంతకల్లులో బండి మారి, పొద్దున్నే కోసిగి స్టేషనులో దిగాను. కాలువ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, మా వైపు ఎంత కరువైనా గట్టు పక్కన ఒక పచ్చని మడి ఉండేది. అక్కడ పచ్చనిది ఏదీ కనబడలేదు. పల్లెకు నడిచే దారిలో ఒక్క కోడి కూత కూడా వినబడలేదు, కోళ్లన్నీ ఎప్పుడో అయిపోయాయని తర్వాత తెలిసింది. బడి ముందు కొట్టం వేసి గంజి పోస్తున్నారు. పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు, ఉబ్బిన కడుపులు, పుల్లల్లాంటి చేతులు. వాళ్ల తలల మీద పొద్దుటి ఎండ పడుతోంది.

అన్నిటికంటే ముందు నాకు ఆ తలల రంగు కనబడింది, అగ్గిపెట్టెలో వచ్చిన ఈగ రంగే. ఇప్పుడు చెబుతున్నది మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు: ఆ తలలు చూడగానే నాకు కలిగింది సంతోషం. దొరికింది, ఈ ఊళ్లో రంగు వేసే మందు ఏదో ఉంది, అదే అన్న దాచిపెట్టాడు అనుకున్నాను. ఆకలి నా కంటికి ఆనలేదు. ఒక తల్లి ఒళ్లో రెండేళ్ల బిడ్డను పెట్టుకుని కూర్చుంటే, వంగి, ఏం పూశావమ్మా జుట్టుకు, గోరింటాకేనా అని అడిగాను.

ఆమె నన్ను చొక్కా నుంచి చెప్పుల దాకా చూసింది.

"యాం పూస్తామప్పా. తలకు సమురు పెట్టి శానా దినాలాయ. తిండి లేకుంటే బిడ్డల జుట్టు ఇట్లే అయితాది. మీ పక్క కాదా?"

జేబులో అగ్గిపెట్టె ఉంది, సగం కట్టిన ఈగ ఉంది. ఎన్ని రాత్రులు దాన్ని దీపానికి పెట్టి, బుగ్గకు రాసుకుని మెత్తదనం చూసి, ఏ జంతువుదబ్బా అనుకున్నానో అదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. కొట్టం వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను. అక్కడే మంగలి కూర్చుని, పేలు పడ్డాయని పిల్లలకు గుండ్లు గీస్తున్నాడు, వెంట్రుకలు చేతితో తీసినా ఊడి వస్తున్నాయి.

అన్న వచ్చి నీళ్లిచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నా ఉత్తరం ఊసే ఎత్తలేదు. ఈకలు దొరకడం లేదని, శనివారాలు తుంగభద్ర దాకా నడిచి, మడుగుల్లో మిగిలిన చేపలను ఆ ఈగతోనే పట్టి తెచ్చి, పిల్లలకు పులుసు పెడుతున్నానని మెల్లగా చెప్పాడు. ఆ వరస ఎందుకు ఖాళీ పెట్టావన్నా అని అడిగాను.

"దాంట్లో ఏం రాయమంటావప్పా? శానాసార్లు కలం పట్టుకుంటి, చెయ్యి ఆడల్యా."

దొర సంగతి, ఉద్యోగం సంగతి నేను చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. అన్న చివరిదాకా విన్నాడు. లోపలికి వెళ్లి, పాత కాగితంలో కట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గాలికి పొయ్యేదే. నీ బిడ్డలకైనా పనికొస్తాది, తీసకపో."

తీసుకున్నాను. వద్దనలేదు, కింద పెట్టలేదు, తీసుకుని రైలెక్కాను. అది జరిగి అరవై ఏళ్లు దాటినా నన్ను నేను చూసుకుని దిగ్భ్రాంతి పడేది అక్కడే. ఆ తల్లి మాట విన్న చెవులూ, వాంతి చేసుకున్న నోరూ, పొట్లం అందుకున్న చేతులూ ఒకే మనిషివి. ఇంటికొచ్చి దారానికి మైనం రాసి, ఆ వెంట్రుకలు పెనవేసి, రెండు డజన్ల ఈగలు కట్టాను. అంతకు ముందు అంత బాగా ఎప్పుడూ కట్టలేదు. దొర మెచ్చుకున్నాడు. సంక్రాంతి లోపలే పర్మనెంటు ఆర్డరు వచ్చింది, నా భార్య వీధంతా బెల్లం పంచింది. మొదటి జీతంతో రెండు మూటల బియ్యం కోసిగికి రైల్లో వేశాను. ముట్టినట్టు మిషను రసీదు వచ్చింది, దాని మీద అన్న సంతకం ఉంది, అంతకు మించి ఒక్క అక్షరం లేదు. అగ్గిపెట్టెలు ఆ తర్వాత రాలేదు. నేనూ మళ్లీ ఈగ కట్టలేదు. ఎందుకు మానేశారని నా భార్య అడిగితే చూపు ఆనడం లేదన్నాను, పాతికేళ్లవాడికి చూపు ఆనకపోవడమేమిటని ఆమె పాపం అడగలేదు.

ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను. ఈ ఇల్లు, పిల్లల చదువులు, ఈ నెల పెన్షను అన్నీ దాని మీదివే. ఇప్పుడు కోసిగి వైపు బడుల్లో మధ్యాహ్నం అన్నం, గుడ్డు పెడుతున్నారని పేపర్లో చదివి, ఆ కాగితం కత్తిరించి దాచుకున్నాను. కూలికి పట్నాలకు పోయేవాళ్లు ఇంకా పోతూనే ఉన్నారట. అన్న పోయి చాలా ఏళ్లయింది, మనిషి చేత కబురు తెలిసింది, వెళ్లలేదు.

ఆదివారం రాత్రి భోజనాల దగ్గర మనవరాలు నా పక్కన కూర్చుని, అంత నచ్చకపోతే దిగులుపడకు తాతా, ఇది ఉత్త రంగే, తలంటుకుంటూ ఉంటే రెండు నెలల్లో పోతుంది అంది. తల నిమిరాను. నూనె పెట్టి పెంచిన జుట్టు, ఒత్తుగా, బరువుగా ఉంది, దువ్వితే ఒక్క వెంట్రుక చేతికి రాదు. అందరూ పడుకున్నాక ట్రంకు పెట్టె అడుగు నుంచి అగ్గిపెట్టె తీసి చూశాను. సగం కట్టిన ఈగ అలాగే ఉంది. ముల్లు తుప్పు పట్టింది, దారం వెలిసిపోయింది. రంగు మాత్రం పోలేదు.