పిన్ని మార్చిన కుందేలు

బెజవాడ ఎండల గురించి బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పినా నమ్మరు. డెబ్బైల్లో ఒక వేసవిలో ఆస్పత్రిలోని మా ల్యాబ్ కుందేళ్ళు వడదెబ్బకి ఒకదాని వెంట ఒకటి పోయాయి. ఒక్కటి మిగిలింది. నా రీసెర్చి అంతా ఆ ఒక్కదాని రక్తంలో ఉంది.

అదెలాగంటే, మనందరి పేగుల్లోనూ ఒక రకం బాక్టీరియా కాపురం చేస్తుంటుంది. చాలామటుకు సాధువులే. అందులో ఒకటి రెండు రకాలు మాత్రం చంటిపిల్లలకి విరేచనాలు పట్టించి ప్రాణం మీదికి తెస్తాయి. మైక్రోస్కోపులో మంచిదీ చెడ్డదీ ఒక్కలాగే ఉంటాయి. అందుకని ఆ చెడ్డదాన్ని చంపి కుందేలుకి చెవి నరంలో వారం వారం ఇంజెక్షన్ చేస్తాం. దాని రక్తంలో ఆ శత్రువుని పోల్చుకునే యాంటీబాడీలు పుడతాయి. ఆ రక్తం నుంచి తీసిన సీరం ఒక చుక్క గాజు పలక మీద వేసి, పిల్లల విరేచనంలోంచి పెంచిన బాక్టీరియాతో కలిపి ఊపాలి. చెడ్డదైతే పాలు విరిగినట్టు విరుగుతుంది, లేకపోతే పాలు పాలలాగే ఉంటాయి. బయటి ఊరి నుంచి తెప్పిస్తామన్న సీరం ఎప్పటికొస్తుందో ఎవరికీ తెలీదు. పిల్లల వార్డు వాళ్ళు రోజూ అడుగుతున్నారు.

కుందేల్ని చల్లటి చోటికి మార్చమన్నారు మా ప్రొఫెసరుగారు. ల్యాబ్ మొత్తానికి చల్లటి చోటు ఆయన గదే, ఆ మాట మాత్రం అనలేదు. చేసేది లేక గుణదలలో మా పిన్ని ఇంటికి తీసుకెళ్ళాను. నేను ఉండేది అక్కడే.

బాబాయి పోయాక పిన్ని ఒక్కతే ఉండేది. ఆవిడకి శుభ్రం పిచ్చి. నేను పెరటి వైపు నుంచి వచ్చి స్నానం చేస్తేగానీ వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. ఇక నా పని పిల్లల విరేచనాలతో అని తెలిస్తే నా కంచం వీధిలో ఉంటుంది. మందుల మీద పరిశోధన అని చెప్పి ఊరుకున్నాను.

అలాంటి మనిషి కుందేల్ని చూసి మొదట ముక్కు మూసుకుంది. వారం తిరక్కుండా అది వంటింట్లో తడిగోనె మీద కాళ్ళు చాపుకుని పడుకుంటోంది. లేత తోటకూర దానికి, కాడలు నాకు. రాత్రి ప్రార్థనలో బాబాయి ఆత్మశాంతి తర్వాత దాని వంతు, ఆ తర్వాతే నా వంతు. నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు దాని చెవి నరంలోంచి కాస్త రక్తం తీసి చూస్తే, ఆ సీరం వేసిన క్షణంలో బాక్టీరియా విరిగింది. ప్రొఫెసరుగారు సంతోషపడి, ఇక ఆలస్యం వద్దు, సోమవారం గుండెలోంచి మొత్తం తీసేద్దాం అన్నారు. అంటే కుందేలు బతకదు. పిన్నికి ఆ సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే భయపడాలని నాకప్పుడు తట్టలేదు.

సోమవారం గంపకి గుడ్డ కట్టి స్వయంగా రిక్షాలో పెట్టింది. చంపేముందు మరోసారి పరీక్షించడం మా పద్ధతి. పలక ఊపాను. పాలు పాలలాగే ఉన్నాయి. చెయ్యి పడిపోయేదాకా ఊపాను. ప్రొఫెసరుగారు కళ్ళజోడు తుడుచుకుని పలకనీ, తర్వాత నన్నూ చూశారు. పోయినవారం నేను చూపించింది కట్టుకథ అన్నట్టుంది ఆ చూపు. ఏడుపొచ్చేసింది. అప్పుడు కుందేలు చెవి వైపు చూశాను. ఇన్ని వారాలు సూదులు పొడిచిన చెవి కదా, ఒక్క మచ్చ లేదు.

ఇంటికెళ్ళి నిలదీస్తే పిన్ని తొణక్కుండా చెప్పింది. ఆటోనగర్‌లో ఎవరో లారీ షెడ్డు వాళ్ళు కుందేళ్ళు పెంచుతుంటే అడిగి ఒకటి తెచ్చిందట. మాది మైలవరంలో తోడికోడలి దగ్గర భద్రంగా ఉందట. తెల్ల కుందేళ్ళన్నీ ఒకటే కదా, తేడా మీకెలా తెలిసిందని పైగా నన్నే అడిగింది.

"మరి ఆ ఆటోనగర్ దానిది ప్రాణం కాదా పిన్నీ?"

"దానికి నేను తిండి పెట్టలేదుగా."

ఇక నా నోరు ఆగలేదు. స్నానం కూడా చెయ్యకుండా ఆవిడ వంటింటి మధ్యలో నిలబడి విరేచనాలు, బాక్టీరియా, వార్డు, మొత్తం కక్కేశాను. ఆ సీరం ఉంటే ఏ బిడ్డకి ఆ జబ్బుందో తెలుస్తుంది, వేరే గదిలో పెడతారు, లేకపోతే పక్క మంచం బిడ్డకీ అంటుకుంటుంది అని అరిచాను. గెంటేస్తుందనుకున్నాను. పిన్ని పీట మీద కూలబడింది.

"నాకో పిల్ల పుట్టిందే. జ్వరమని ఆస్పత్రిలో చేర్చాం. పక్క మంచంలో పిల్లాడికి విరేచనాలు. మాదానికీ పట్టుకున్నాయి. నిలవలేదు."

మా ఇంట్లో ఎవరూ నాకా సంగతి చెప్పలేదు.

మర్నాడు మొదటి బస్సుకే మైలవరం వెళ్ళి కుందేల్ని తెచ్చింది. నా చేతికివ్వలేదు, తనే ల్యాబ్‌కి మోసుకొచ్చింది.

"రక్తం కావలసినంత తీసుకోండి, కాకపోతే కొంచెం కొంచెంగా. పట్టుకోడానికి నేనొస్తాను. చంపడం మాత్రం కుదరదండి," అంది ప్రొఫెసరుగారితో.

ఆయన ఏదో సైన్సు మొదలుపెట్టి, ఆవిడ గుమ్మంలోంచి కదలకపోవడం చూసి, సరే, వారం వారం చెవిలోంచే తీద్దాం లెండి అన్నారు. అలా పిన్ని ల్యాబ్ మనిషయింది. వచ్చినప్పుడల్లా మా బల్లలు ఫినాయిలుతో కడిగించేది. ప్రొఫెసరుగారి గదిని కూడా వదల్లేదు. కుందేల్ని ఆ గదిలోనే, ఫ్యాను కింద కూర్చోబెట్టేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు వార్డు నుంచి వచ్చిన బాక్టీరియా ఆ సీరంతో విరిగింది. ఆ బిడ్డని వెంటనే వేరే గదికి మార్చారు. నేను పరుగున ఇంటికొచ్చి, మన కుందేలు పట్టేసింది, నా థీసిస్ నిలబడింది అంటూ ఊపిరాడకుండా చెప్పాను. పిన్నికి అవేవీ పట్టలేదు.

"పక్క మంచం బిడ్డకి ఎలా ఉంది?" అంది.

నాకు తెలీదు. మా దగ్గరికి సీసాలే వస్తాయి, పిల్లలు రారు. పొద్దున్నే వార్డుకెళ్ళాను, ఆ తర్వాత రోజూ వెళ్ళాను. వారం తర్వాత వచ్చి చెప్పాను.

"దానికేం అంటుకోలేదు పిన్నీ. ఇవాళ వాళ్ళమ్మ ఇంటికి తీసుకెళ్ళిపోయింది."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.